కొత్త వీఆర్ హెడ్‌సెట్‌తో సిమ్ రేసింగ్: ముందు కడుపు సంగతి, తర్వాతే పిక్సెళ్ల సంగతి

సిమ్ రేసింగ్ కోసం కొత్త వీఆర్ హెడ్‌సెట్‌ని ఎలా సెట్ చేసుకోవాలో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉదాహరణకి హెడ్‌సెట్ మెటా క్వెస్ట్ 3, గేమ్ అసెట్టో కోర్సా అనుకుందాం. మీ దగ్గర వేరేవి ఉన్నా వరస మాత్రం ఇదే.

ఈ వరస ఎందుకంత ముఖ్యం అంటే, చాలామంది బాక్స్ విప్పగానే గ్రాఫిక్స్ మెనూలోకి వెళ్లి అన్నీ అల్ట్రాలో పెట్టేస్తారు. పది నిమిషాల్లో తల తిరుగుతుంది, కడుపులో తిప్పేస్తుంది. వేలకి వేలు పోసి కొన్న హెడ్‌సెట్ వారం తిరక్కుండానే బీరువా మీదకి ఎక్కుతుంది. మనం అలా కానివ్వద్దు.

అసలు వీఆర్ ఎందుకు? అమెరికాలో లగూనా సెకా అనే ట్రాక్ ఉంది. అందులో కార్క్‌స్క్రూ అనే మలుపు దగ్గర రోడ్డు ఒక్కసారిగా దాదాపు 18 మీటర్లు కిందకి దిగిపోతుంది. అంటే ఐదారు అంతస్తుల ఎత్తు. మానిటర్‌లో చూస్తే అది మామూలు వంపులాగే ఉంటుంది. హెడ్‌సెట్‌లో అయితే ముందు రోడ్డు మాయమైపోయినట్టు అనిపిస్తుంది. ఆ లోతు కనపడితేనే బ్రేక్ ఎక్కడ వేయాలో చేతికి, కాలికి తెలుస్తుంది. మానిటర్‌లో లాగా ఫీల్డ్ ఆఫ్ వ్యూ లెక్కలు వేసుకునే పని కూడా లేదు.

సరే, మొదటిది, తొడుక్కోవడం. వెనక పట్టీ తల వెనకున్న బుడిపెకి కింద పడాలి. బరువు ముక్కు మీద పడకూడదు. తర్వాత లెన్సుల మధ్య దూరం. మీ రెండు కంటిపాపల మధ్య ఎంత దూరం ఉందో కళ్లజోడు షాపులో కొలిచి చెప్తారు. క్వెస్ట్ 3లో కింద ఉన్న చక్రం తిప్పితే 58 నుంచి 71 మిల్లీమీటర్ల దాకా మారుతుంది, అంకె తెర మీదే కనిపిస్తుంది. ఇది సరిగ్గా లేకపోతే ఎంత మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నా కళ్లు లాగుతాయి. ఇంకోటి, హెడ్‌సెట్‌ని కిటికీ దగ్గర, బాల్కనీలో పెట్టకండి. లెన్స్ మీద నేరుగా ఎండ పడితే లోపలి తెర కాలిపోతుంది.

రెండోది, కూర్చునే చోటు. సీట్లో కూర్చుని, వీల్ పట్టుకుని, తల నిటారుగా పెట్టి అప్పుడు వ్యూని రీసెంటర్ చేయండి. గేమ్‌లోని స్టీరింగ్ మీ చేతిలోని స్టీరింగ్ ఉన్నచోటే కనిపించాలి. రీసెంటర్‌కి వీల్ మీదే ఒక బటన్ కేటాయించుకోండి, రేస్ మధ్యలో కంట్రోలర్ వెతుక్కోలేం కదా. మిగతా బటన్లు ఎక్కడెక్కడున్నాయో హెడ్‌సెట్ పెట్టుకోకముందే కళ్లు మూసుకుని తడిమి చూసుకోండి.

మూడోది, ఫ్రేమ్ రేట్. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064×2208 పిక్సెళ్లు. రెండూ కలిపితే 91 లక్షలు. ఒక 4కే మానిటర్‌లో ఉండేవి 83 లక్షలే! 90 హెర్ట్‌జ్‌లో ఆడాలంటే కంప్యూటర్ ఇంత బొమ్మని ప్రతి 11.1 మిల్లీసెకన్లకి ఒకసారి గీయాలి. 72లో అయితే 13.9 మిల్లీసెకన్ల టైమ్ దొరుకుతుంది. గీయలేకపోతే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, 90లో 45 మాత్రమే గేమ్ నుంచి తీసుకుని మిగతా సగం తనే ఊహించి నింపుతుంది. అప్పుడే ట్రాక్ పక్కనున్న కంచెలు, స్తంభాలు వణికినట్టు కనిపిస్తాయి. కాబట్టి ఊగిసలాడే 90 కంటే నిలకడగా ఉండే 72 మేలు.

కూర్చుని ఆడే ఆట కాబట్టి కేబుల్ అడ్డం రాదు, మంచి యూఎస్‌బీ 3 కేబుల్‌తో మొదలుపెట్టండి. లింక్‌తో ఆడుతుంటే అసెట్టో కోర్సాలో ఆక్యులస్ మోడ్ ఎంచుకోండి. ఓపెన్‌వీఆర్ మోడ్ పెడితే మధ్యలో స్టీమ్‌వీఆర్ కూడా నడుస్తుంది, కంప్యూటర్‌కి అదొక అదనపు బరువు.

ఫ్రేములు పడిపోతుంటే ముందు నీడలు, రిఫ్లెక్షన్లు, అద్దాల క్వాలిటీ తగ్గించండి. చాలకపోతే అప్పుడు రెజల్యూషన్. పొడవు, వెడల్పు రెండూ 10 శాతం తగ్గిస్తే మొత్తం పిక్సెళ్లు 19 శాతం తగ్గుతాయి. సాఫ్ట్‌వేర్‌లో బగ్ పట్టుకునేటప్పుడు పాటించే సూత్రమే ఇక్కడా: ఒకసారికి ఒక్కటే మార్చాలి, చూడాలి, తర్వాతే ఇంకోటి. పరీక్ష మాత్రం ఖాళీ ట్రాక్ మీద చేయకండి. 20 కార్లు పెట్టి, అందరికంటే వెనక నుంచి స్టార్ట్ చేయండి. అక్కడ నిలబడిన ఫ్రేమ్ రేట్ ఎక్కడైనా నిలబడుతుంది.

ఇక చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది మీ ఒళ్లు. కారు కదులుతోందని కళ్లు చెప్తాయి, లేదు కూర్చునే ఉన్నావని లోచెవి చెప్తుంది. ఆ గొడవ వల్లే వికారం. అందుకే మొదటి రోజు మాజ్దా ఎంఎక్స్-5 లాంటి చిన్న కారుతో, ఒంటరిగా, పది నిమిషాలే. స్పిన్ అయితే కళ్లు మూసేసుకోండి. టేబుల్ ఫ్యాన్ మొహానికి ఎదురుగా పెట్టుకుంటే చాలామందికి తేలిగ్గా ఉంటుంది, మన ఎండాకాలంలో లెన్సుల మీదకి చెమట రాకుండా కూడా పనికొస్తుంది.

కాస్త వికారం మొదలైందంటే అక్కడితో ఆపేయండి. ఇంకో ల్యాప్ అంటూ పంతానికి పోతే ఆ తిప్పుడు గంటలకొద్దీ వదలదు. రేపు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఆడొచ్చు, తొందరేం లేదు. హెడ్‌సెట్ తీసిన వెంటనే బైక్ తాళాలు మాత్రం పట్టుకోకండి. తల పూర్తిగా కుదుటపడ్డాకే నిజం రోడ్డు మీదకి వెళ్లండి. అక్కడ రీస్టార్ట్ బటన్ ఉండదు.