ఫైనల్ ఆడకుండానే స్టేట్ చాంపియన్లు ఎలా అయ్యారు?

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో మాసిలన్ అని ఒక ఊరుంది. అక్కడి వాషింగ్టన్ హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్ పేరు టైగర్స్. 20కి పైగా స్టేట్ టైటిల్స్ మావే అంటారు వాళ్లు. కానీ ఫైనల్ ఆడి గెలిచిన మొదటి టైటిల్ వచ్చింది ఎప్పుడో తెలుసా? 2023లో! మరి మిగతావన్నీ ఎక్కడివి? ఈరోజు ఎపిసోడ్ అదే.

ముందు ఒక క్లారిటీ. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు. హెల్మెట్ పెట్టుకుని, కోడిగుడ్డు షేపులో ఉన్న బంతిని పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు, అంటే మన ఇంటర్ పిల్లలు కూడా అందులోనే. చిన్న ఊళ్లలో శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉందంటే జాతరే.

సరే, ప్రాబ్లమ్ ఏంటంటే, ఈ ఆటలో దెబ్బలు ఎక్కువ కాబట్టి వారానికి ఒక్క మ్యాచే ఆడతారు. సీజన్ మొత్తానికి దాదాపు పది. రాష్ట్రంలో స్కూళ్లు మాత్రం వందల్లో ఉంటాయి. సో, సీజన్ అయ్యేసరికి ఒక్క మ్యాచ్ కూడా ఓడని టీములు నాలుగైదు మిగలొచ్చు. వాళ్లు ఒకరితో ఒకరు ఆడి ఉండరు. మరి ఎవరు గొప్ప?

ఒహాయోలో 1972 వరకు దీనికి అఫీషియల్ జవాబు లేదు, ఎందుకంటే ప్లేఆఫ్స్ మొదలైందే ఆ ఏడాది. 1947 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ పోల్ ఉండేది, అంటే జర్నలిస్టుల ఓట్లతో ర్యాంకులు. అంతకు ముందు అదీ లేదు. పేపర్లో రాసినవాళ్ల మాట, ఊరి వాళ్ల నమ్మకం, అంతే. మాసిలన్ కోచ్ పాల్ బ్రౌన్ 1935 నుంచి 1940 వరకు వరసగా ఆరు స్టేట్ టైటిల్స్ గెలిచాడని చెప్పేది ఆ కాలం గురించే. ఆయనేం చిన్న మనిషి కాదు. తర్వాత క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమ్‌కి ఆయన పేరే పెట్టారు. మాసిలన్‌లో ఆయన రికార్డు 80 గెలుపులు, 8 ఓటములు, 2 డ్రాలు. టీమ్ గొప్పదే, డౌట్ లేదు. కానీ "గొప్ప టీమ్" వేరు, "చాంపియన్" వేరు. గొడవంతా ఆ గ్యాప్‌లోనే ఉంది.

నేను కోడ్ రాసేవాణ్ణి కాబట్టి నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది. ఏ టీమ్ బీని ఓడించింది, బీ సీని ఓడించింది, సీ వచ్చి ఏని ఓడించింది. ఇప్పుడు ర్యాంకులు ఇవ్వండి చూద్దాం! లాజిక్‌తో తేలదు, ఏదో ఒక రూల్ పెట్టుకోవాలి. ప్లేఆఫ్స్‌కి ఎవర్ని పంపాలో తేల్చడానికి ఒహాయో వాడింది జాక్ హార్బిన్ అనే ఆయన తయారుచేసిన కంప్యూటర్ పాయింట్ల పద్ధతి. ఐడియా సింపుల్: నువ్వు గెలిస్తే నీకు పాయింట్లు. నువ్వు ఓడించిన టీమ్ వేరేవాళ్ల మీద గెలిస్తే, అప్పుడు కూడా నీకు పాయింట్లు. అంటే బలహీనమైన టీములను ఏరుకుని ఆడితే లాభం లేదు. క్రికెట్‌లో నెట్ రన్‌రేట్ లాగా దీన్నీ తిట్టుకోవచ్చు, కానీ రూల్ మాత్రం సీజన్‌కి ముందే అందరికీ తెలుసు. అసలు తేడా అదే.

రూల్ వచ్చాక మాసిలన్ కథ మారిపోయింది. 1980లో, 1982లో ఫైనల్‌కి వెళ్లి ఓడారు. 2005లో ఓడారు. 2018, 2019, 2020ల్లో వరసగా మూడుసార్లు ఓడారు. చివరికి 2023లో ఆర్చ్‌బిషప్ హోబన్ టీమ్‌ని 7-2తో ఓడించారు. యాభై ఏళ్లు పట్టింది!

"అయితే పాతవన్నీ ఫేక్ కదా బ్రో" అంటారేమో. ఆగండి. కాలిఫోర్నియా చూద్దాం. బే ఏరియాలో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా, అక్కడే కాంకర్డ్ అనే ఊళ్లో డి లా సాల్ హైస్కూల్ ఉంది. 1992 నుంచి 2003 వరకు వరసగా 151 మ్యాచ్‌లు గెలిచారు. 2014లో దీని మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. ఆ పన్నెండేళ్లలో వాళ్లకి అఫీషియల్ స్టేట్ టైటిల్స్ ఎన్ని? సున్నా. ఎందుకంటే కాలిఫోర్నియాలో స్టేట్ ఫైనల్స్ 1927 తర్వాత ఆగిపోయి, మళ్లీ 2006లో మొదలయ్యాయి. వాళ్లు ఓడిపోలేదు, అసలు పోటీయే పెట్టలేదు. కాబట్టి అఫీషియల్ కాదు అంటే అబద్ధం అని కాదు.

ఇక రివర్స్‌లో టెక్సస్. అక్కడ 1920 నుంచే యూఐఎల్ అనే సంస్థ అఫీషియల్‌గా నడిపింది. ఫస్ట్ ఫైనలే 0-0! క్లీబర్న్, హ్యూస్టన్ హైట్స్ ఇద్దర్నీ చాంపియన్లుగా ప్రకటించారు. అది చిన్న విషయం. పెద్ద విషయం ఏంటంటే, 1960ల చివరిదాకా నల్లజాతి పిల్లల స్కూళ్లకి అందులో చోటే లేదు. వాళ్లకి ప్రెయిరీ వ్యూ లీగ్ అని వేరే లీగ్, వేరే చాంపియన్‌షిప్‌లు. తర్వాత నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో దిగ్గజం అయిన "మీన్" జో గ్రీన్ చదివిన టెంపుల్ డన్‌బార్ స్కూల్ ఆ లీగ్‌దే. ఇప్పుడు చెప్పండి, ఆ రోజుల్లో అఫీషియల్‌గా "టెక్సస్ చాంపియన్" అన్న టీమ్ మొత్తం టెక్సస్‌ని ఓడించిందా? స్టాంప్ ఉంది, కానీ సగం పోటీ లేదు.

సో ఫ్రెండ్స్, ఎవరైనా "మేమే నంబర్ వన్" అంటే మూడు అడగండి. టైటిల్ ఎవరిచ్చారు? రూల్ ముందే చెప్పారా? పోటీలోకి ఎవర్ని రానివ్వలేదు? ఎంట్రన్స్ రిజల్ట్స్ రోజు టీవీలో వచ్చే కాలేజీ ర్యాంకుల యాడ్స్‌కి కూడా ఇదే ఫార్ములా వాడుకోండి.

నా ఒపీనియన్ అడిగితే, 1935 మాసిలన్ కుర్రాళ్ల పేరు చెరిపేయక్కర్లేదు. పక్కన "ఫైనల్ ఆడలేదు" అని ఒక ముక్క రాస్తే చాలు. అదే న్యాయం అయితే, పాత టెక్సస్ టైటిల్స్ పక్కన కూడా ఒక ముక్క రాయాలి: "అందరితో ఆడలేదు" అని. మీరేమంటారు? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.