ఎగిరింది బొమ్మ, చప్పట్లు వీరుడికి

ఇప్పటి పిల్లలు ఫోన్లో సూపర్ హీరో సినిమాలు చూస్తుంటారు. మనిషి ఆకాశంలోకి ఎగిరినా వాళ్ళకు వింత కాదు. "అదంతా కంప్యూటర్ పనే తాతా" అని మనకే చెప్తారు. మరి కంప్యూటర్ లేని రోజుల్లో, ఎనభై ఏళ్ళ కిందట, అమెరికాలో మనిషిని తెర మీద ఎలా ఎగరేశారు? ఆ సంగతి తెలుసుకుంటే తెర వెనక ఎంత చేతిపని ఉందో అర్థమవుతుంది.

1941లో రిపబ్లిక్ పిక్చర్స్ అనే కంపెనీ 'అడ్వెంచర్స్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్' తీసింది. ఇది 12 భాగాల సీరియల్. అప్పట్లో సీరియల్ అంటే టీవీలో కాదు, థియేటర్లోనే వారానికో భాగం వేసేవాళ్ళు. నిజానికి ఆ కంపెనీ ముందు సూపర్ మ్యాన్ కథే తీద్దామనుకుంది. హక్కులు దొరక్కపోయేసరికి కెప్టెన్ మార్వెల్‌ని పట్టుకుంది. వీరుడి వేషం టామ్ టైలర్ వేశాడు.

ఆకాశంలో ఎగిరింది మాత్రం టైలర్ కాదు, ఒక బొమ్మ! హోవర్డ్, థియోడర్ లైడెకర్ అనే అన్నదమ్ములు కాగితపు గుజ్జుతో మనిషి కంటే కాస్త పెద్ద బొమ్మ చేశారు. దానికి వీరుడి బట్టలు తొడిగి, కంటికి కనబడనంత సన్నని తీగెల మీద కప్పీలతో జారవిడిచారు. పైనుంచి కిందికైతే బొమ్మ దానంతటదే జారుతుంది. మరి కిందనుంచి పైకి ఎగరాలంటే? బొమ్మను వెనక్కి తిప్పి కిందికే జార్చి, ఫిల్మును తిరగేసి ఆడించారు. చూసేవాళ్ళకు వీరుడు రివ్వున పైకి లేచినట్టే ఉండేది. ఎత్తు మీంచి నిజంగా దూకాల్సినప్పుడు డేవిడ్ షార్ప్ అనే స్టంట్ మనిషి దూకేవాడు. చప్పట్లు మాత్రం తెర మీది మొహానికే.

అదే ఏడాది సూపర్ మ్యాన్ కార్టూన్ బొమ్మలుగా తెర మీదికి వచ్చాడు. తీసింది ఫ్లైషర్ స్టూడియో, తీయించింది పారామౌంట్. పుస్తకంలో సూపర్ మ్యాన్ మొదట్లో ఎగిరేవాడు కాదు, పెద్ద పెద్ద గంతులు వేసేవాడు. ఆ గంతులు తెర మీద మిడత గెంతినట్టు కనబడటంతో బొమ్మలు గీసేవాళ్ళు అతన్ని ఎగరనిచ్చారని చెప్తారు.

1943లో కొలంబియా కంపెనీ 'బ్యాట్ మ్యాన్' సీరియల్ తీసింది. అందులో ఇవాళ్టిలాంటి వింత బండి లేదు. మామూలు కాడిలాక్ కారుతోనే సరిపెట్టారు. అయినా ఆ సీరియల్ ఒక గుర్తు మిగిల్చింది. పుస్తకంలో సేవకుడు ఆల్‌ఫ్రెడ్ లావుగా ఉండేవాడు. ఆ వేషం వేసిన విలియం ఆస్టిన్ బక్కపల్చటి మనిషి, సన్న మీసం. జనానికి ఆ రూపమే నచ్చేసరికి పుస్తకంలో ఆల్‌ఫ్రెడ్ కూడా చిక్కిపోయాడు! అయితే అది యుద్ధకాలం. జపాన్ వాళ్ళను కించపరిచే మాటలు ఆ సీరియల్లో చాలా ఉన్నాయి. ఈ మచ్చ కూడా చెప్పుకోవాల్సిందే.

మనుషులు నటించిన సూపర్ మ్యాన్ సీరియల్ 1948లో వచ్చింది. వీరుడు కిర్క్ ఆలిన్. ముందు అతన్ని తీగెలకు వేలాడదీసి చూశారు. తీగెలు కనబడిపోయాయి. తీసిందంతా పక్కన పడేసి, ఎగిరే చోటల్లా కార్టూన్ బొమ్మ పెట్టేశారు. కిర్క్ ఆలిన్ గాల్లోకి లేవగానే కార్టూన్ అయిపోతాడు, నేల మీద దిగగానే మళ్ళీ మనిషి అవుతాడు.

నూలు, రంగు ఎరిగిన మన ఇళ్ళవాళ్ళకు ఈ ముక్క నచ్చుతుంది. సూపర్ మ్యాన్ అంటే నీలం బట్ట, ఎర్ర అంగవస్త్రం కదా? ఆనాటి నలుపు తెలుపు తెర మీద ఆ రంగులు సరిగ్గా తేలవు. అందుకని బూడిదరంగు, గోధుమరంగు బట్టలు కుట్టించారు. 1952లో టీవీలో మొదలైన సూపర్ మ్యాన్‌లో జార్జ్ రీవ్స్ కూడా మొదట అవే రంగులు తొడిగాడు. 1954లో రంగుల్లో తీయడం మొదలెట్టాకే నీలం, ఎరుపు వచ్చాయి. ఒకసారి తీగె తెగి రీవ్స్ కింద పడ్డాడు. ఆ తరువాత తీగెలు మానేసి, స్ప్రింగ్ పలక మీంచి దూకడమే మేలనుకున్నారు. ఇనుములాంటి వీరుడి ప్రాణం కూడా ఒక సన్న తీగె మీదే ఉందన్నమాట.

మన రామారావు గారు కూడా 1980లో 'సూపర్ మ్యాన్' అయ్యారు. ఆ సినిమా దర్శకుడు వి. మధుసూదనరావు.

ఇంతకీ ఈ వీరుణ్ణి పుట్టించింది ఎవరు? క్లీవ్‌లాండ్ ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు. కథ రాసింది జెర్రీ సీగెల్, బొమ్మ గీసింది జో షూస్టర్. సీగెల్ తండ్రిది బట్టల కొట్టు, షూస్టర్ తండ్రి దర్జీ. 1938లో కంపెనీ ఇద్దరికీ కలిపి 130 డాలర్లు చేతిలో పెట్టి, సూపర్ మ్యాన్ మీద హక్కులన్నీ రాయించుకుంది. సినిమాలు, టీవీలు, బొమ్మలు ఎన్ని వచ్చినా లాభమంతా కంపెనీదే. ఇద్దరూ కోర్టుకెక్కితే పుస్తకం మీంచి వాళ్ళ పేర్లు కూడా తీసేశారు. తరువాత సీగెల్ గుమాస్తా పని చేసుకున్నాడు. షూస్టర్‌కి చూపు మందగించింది.

1975లో సూపర్ మ్యాన్ మీద పెద్ద సినిమా తీయబోతున్నారని తెలిసి సీగెల్ తన గోడు పత్రికలకు చెప్పుకున్నాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి తోటి చిత్రకారులు వెంట నిలబడి పోరాడారు. చివరికి కంపెనీ దిగొచ్చి ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్లు ఇస్తామని ఒప్పుకుంది. పేర్లు కూడా తిరిగి వేసింది. 1978లో ఆ సినిమా వచ్చినప్పుడు తెర మీద వాళ్ళ పేర్లు పడ్డాయి.

నలభై ఏళ్ళ కిందటి పనికి అప్పుడు దక్కింది గుర్తింపు. తోటివాళ్ళు అండగా రాకపోతే అదీ దక్కేది కాదు. ఈసారి పిల్లలతో సూపర్ మ్యాన్ చూస్తే మొదట్లో పడే పేర్లు చదవనివ్వండి. ఆ రెండు పేర్లు ఎలా వచ్చాయో చెప్పండి.