కుంగే దీవి మీద విమానాశ్రయం
ఇల్లు పూర్తికాగానే ఖర్చు తీరిందనుకుంటాం కదూ! జపాన్‌లోని కాన్సాయ్ విమానాశ్రయం సంగతి వేరు. ఒసాకా వద్ద సముద్రంలో రాళ్ళూ మట్టీ పోసి ఒక దీవిని చేసి, దానిమీద కట్టి, 1994లో తెరిచారు.

సముద్రపు అడుగున ఉన్నది మెత్తని బంకమన్ను. తడిసిన స్పాంజి మీద ఇటుక పెట్టి చూడండి. నీరు బయటికొస్తుంది, ఇటుక దిగుతుంది. ఆ దీవీ అంతే! 1987లో పని మొదలైనప్పటి నుంచి 13 మీటర్లకు పైగా కుంగింది.

అంతటా సమంగా కుంగితే అంత చిక్కులేదు. టెర్మినల్ భవనం పొడవేమో 1.7 కిలోమీటర్లాయె! ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ కుంగితే గోడలు పగులుతాయి. ఇంజనీర్లు ఇది ముందే ఊహించి, స్తంభాలను జాకీలతో ఎత్తే ఏర్పాటు చేశారు. లారీ టైరు మార్చేటప్పుడు మీరు చూసే జాకీ వంటిదే. స్తంభాన్ని కాస్త లేపి, అడుగున ఉక్కు పలకలు దూరుస్తారు. భవనం తెరిచాక కూడా ఆ ఖర్చు ఆగలేదు.