గోల్ఫ్ బంతి దూరం వెళ్లేది బలంతోనేనా?

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్‌లో బెంగళూరుకు చెందిన అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్య పతకం ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో చేజారింది. గుంత దగ్గర బంతిని దొర్లించే చిన్న దెబ్బల్లో ఆమె నైపుణ్యం అందరినీ ఆకట్టుకుంది. కానీ ప్రతి హోల్‌కూ కొట్టే తొలి దెబ్బలో ఆమె బంతి తోటి క్రీడాకారిణుల బంతి కంటే బాగా వెనుక ఆగేది. తొలి బంతి వెనుక ఆగితే రెండో దెబ్బ మరింత దూరం నుంచి కొట్టాలి. దూరం పెరిగిన కొద్దీ గురి తప్పే అవకాశమూ పెరుగుతుంది. అందుకే తొలి దెబ్బ దూరానికి గోల్ఫ్‌లో అంత విలువ.

ఈ తొలి దెబ్బకు ఎక్కువగా వాడే క్లబ్ పేరు డ్రైవర్. గోల్ఫ్ సంచిలో అన్నిటికంటే పొడవైన క్లబ్ ఇదే. సాధారణంగా 45 అంగుళాలు ఉంటుంది. దాని తల లోపల బోలుగా, సుమారు 200 గ్రాముల బరువుతో ఉంటుంది. బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదన్నది నిబంధన. కొత్తగా డ్రైవర్ పట్టిన వారు బంతి దూరం వెళ్లాలని చేతుల బలమంతా పెట్టి బాదుతారు. చాలాసార్లు బంతి దూరం తగ్గుతుంది, పక్కకూ పోతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో భౌతిక శాస్త్రం వివరించగలదు.

అర మిల్లీసెకను స్పర్శ

క్లబ్ తల, బంతి ఒకదానినొకటి తాకి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు సేపు మాత్రమే. అంత తక్కువ వ్యవధిలో బంతి సున్నా నుంచి సెకనుకు 60 మీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. ఆ క్షణంలో బంతిపై పడే సగటు బలం 500 కిలోల బరువు కంటే ఎక్కువే. క్లబ్ తల అప్పుడు చేతులతో సంబంధం లేని విడి వస్తువులా ప్రవర్తిస్తుంది. చేతులు చివర్లో ఎంత గట్టిగా నెట్టినా ఆ నెట్టుడు కడ్డీ గుండా తలకు చేరేలోపే బంతి వెళ్లిపోతుంది. తాకే సమయానికి తలకు ఉన్న వేగమే లెక్కలోకి వస్తుంది.

ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో లెక్క వేస్తే, మంచి డ్రైవర్‌తో సరిగ్గా మధ్యలో కొట్టిన బంతి వేగం క్లబ్ తల వేగానికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. తల బరువును రెట్టింపు చేస్తే? అంతే వేగంతో తిప్పగలిగినా బంతి వేగం దాదాపు 10 శాతమే పెరుగుతుంది. నిజానికి అంత బరువును అదే వేగంతో తిప్పలేం. క్లబ్ వేగాన్ని 10 శాతం పెంచినా అదే ఫలితం వస్తుంది. కాబట్టి బరువు కంటే వేగం పెంచే దారి వెతకడమే మేలు.

వడిసెల సూత్రం

జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పే మనిషిని గమనిస్తే గోల్ఫ్ స్వింగ్ సులువుగా అర్థమవుతుంది. చెయ్యి ముందు కదులుతుంది, రాయి వెనుక వస్తుంది. చివరికి చేతి కంటే రాయి ఎన్నో రెట్ల వేగంతో దూసుకుపోతుంది. శాస్త్రవేత్తలు గోల్ఫ్ స్వింగ్‌ను జంట లోలకంగా చూస్తారు. భుజం నుంచి మణికట్టు వరకు మొదటి లోలకం, మణికట్టు నుంచి క్లబ్ తల వరకు రెండోది. బ్రిటన్‌లో అలస్టెయిర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో వెలువరించిన పుస్తకం ఈ నమూనాకు ప్రాచుర్యం తెచ్చింది.

స్వింగ్ కిందికి దిగడం మొదలైనప్పుడు ముంజేతికీ క్లబ్‌కూ మధ్య దాదాపు లంబకోణం ఉంటుంది. బరువు శరీరానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తిప్పడం తేలిక. తిరిగే కుర్చీలో కూర్చుని చేతులు దగ్గరకు లాక్కుంటే వేగం పెరగడం కూడా ఇలాంటిదే. చేతులు నడుము ఎత్తుకు వచ్చేసరికి క్లబ్ తల తన జడత్వం వల్ల బయటికి పోవాలని చూస్తుంది. తల వేగం సెకనుకు 42 మీటర్లకు చేరేసరికి దాన్ని వంపు దారిలో నిలపడానికి చేతులు 20 కిలోల బరువుకు మించిన బలంతో లోపలికి లాగాలి. ఆ లాగుడే మణికట్టు కోణాన్ని విప్పుతుంది. కోణం విచ్చుకునే కొద్దీ చేతుల వేగం తగ్గి, వాటి గతిజ శక్తి క్లబ్‌కు చేరుతుంది.

చేతుల బలంతో బాదాలని చూసేవారు ఈ కోణాన్ని పైనుంచే విప్పేస్తారు, గాలం విసిరినట్టు. క్లబ్ ముందే బారుగా చాచుకుపోయి, తిప్పడం బరువవుతుంది. అత్యధిక వేగం బంతి దగ్గర కాకుండా అంతకు ముందే వచ్చిపోతుంది. ఎక్కువ శ్రమకు తక్కువ దూరం దక్కడానికి కారణం ఇదే.

కదలిక కింది నుంచి మొదలు

సెకనుకు 42 మీటర్ల వేగంతో కదిలే 200 గ్రాముల తలలో సుమారు 176 జౌళ్ల శక్తి ఉంటుంది. స్వింగ్ పైనుంచి బంతి దాకా రావడానికి పట్టేది పావు సెకను. అంటే తల ఒక్కదానికే దాదాపు ఒక హార్స్‌పవర్ సామర్థ్యం కావాలి. చేతులకు, కడ్డీకి కావలసింది దీనికి అదనం. ఇంత సామర్థ్యం చేతి కండరాలు మాత్రమే ఇవ్వలేవు. తొడలు, పిరుదులు, నడుములోని పెద్ద కండరాలు పని చేయాలి.

మంచి క్రీడాకారుల్లో ఒక వరుస కనిపిస్తుంది. ముందుగా పాదాలు నేలను నొక్కుతాయి, కటి భాగం తిరుగుతుంది. తర్వాత ఛాతీ, ఆపైన చేతులు, చివరగా క్లబ్. ఒక్కో భాగం తన గరిష్ఠ వేగాన్ని అందుకుని నెమ్మదిస్తూ తర్వాతి భాగానికి వేగాన్ని అందిస్తుంది. పావు సెకనులో మెదడు తప్పును గుర్తించి సరిదిద్దే వీలు దాదాపు ఉండదు. అందుకే ఈ వరుస నిదానమైన సాధనతో శరీరానికి అలవాటు కావాలి.

శూన్యంలో కంటే గాలిలోనే ఎక్కువ

ప్రొఫెషనల్ మహిళా క్రీడాకారిణుల డ్రైవర్ దెబ్బలో బంతి సగటున సెకనుకు 62 మీటర్లకు పైగా వేగంతో, 13 డిగ్రీల కోణంలో బయలుదేరుతుంది. గాలి లేకపోతే అది సుమారు 175 మీటర్ల దగ్గర నేలను తాకాలి. నిజంగా మాత్రం 200 మీటర్ల వరకు ఎగురుతుంది! దీనికి కారణం వెనుకకు తిరిగే స్పిన్. బంతి పైభాగాన గాలి వేగంగా, కిందిభాగాన నెమ్మదిగా ప్రవహించి, బంతి వెనుక కిందికి మళ్లుతుంది. ప్రతిచర్యగా బంతి పైకి లేస్తుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. స్పిన్ పొందిన బంతి ఎక్కువ సేపు గాలిలో ఉంటుందని ఎడిన్‌బరా భౌతిక శాస్త్రవేత్త పీటర్ గత్రీ టేట్ 1890వ దశకంలోనే వివరించారు. బంతి మీది గుంటలు కూడా గాలి నిరోధాన్ని తగ్గిస్తాయి. నున్నని బంతి దాదాపు సగం దూరమే వెళ్తుంది.

అయితే స్పిన్ మితిమీరితే బంతి పైకి లేచి, ముందుకు పోక, దాదాపు నిటారుగా పడిపోతుంది. క్లబ్ ముఖం చూసే దిశకూ క్లబ్ కదిలే దిశకూ మధ్య కోణం ఎక్కువైతే స్పిన్ ఎక్కువవుతుంది. క్లబ్ పైనుంచి కిందికి దిగుతూ తాకితే ఇలాగే జరుగుతుంది. స్వింగ్ అట్టడుగు బిందువు దాటి, క్లబ్ కొద్దిగా పైకి లేస్తుండగా తాకితే స్పిన్ తగ్గి, బంతి లేచే కోణం పెరుగుతుంది. వేగం తక్కువ ఉన్న క్రీడాకారులకు ఇది మరీ ముఖ్యం.

సాధనలో చూసుకోవలసినవి

కుడిచేతి వాటం వారు బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టుకోవాలి. టీ మీద నిలిపిన బంతిలో సగం క్లబ్ తల పైఅంచు కంటే ఎత్తులో ఉండాలి. పైకి లేస్తూ తాకడానికి ఈ రెండూ తోడ్పడతాయి.

క్లబ్ ముఖానికి సుద్దపొడి రాసి కొడితే బంతి ఎక్కడ తాకిందో మచ్చ పడుతుంది. మచ్చ మధ్యలో లేకపోతే తల మెలితిరిగి శక్తి వృథా అయిందని అర్థం. వేగం పెంచే ముందు మచ్చను మధ్యకు తెచ్చుకోవాలి.

క్లబ్‌ను తిరగేసి, తల ఉన్న వైపు పట్టుకుని గాలిలో తిప్పితే ‘స్స్’మనే శబ్దం వస్తుంది. అది బంతి ఉండే చోట, లేదా దాన్ని దాటాక గట్టిగా వినిపించాలి. భుజం దగ్గరే వినిపిస్తే మణికట్టు ముందే విచ్చుకుంటోందన్నమాట.

గోల్ఫ్ ఆడేవారిని ఎక్కువగా బాధించే సమస్యల్లో నడుము నొప్పి ఒకటి. శరీరాన్ని వేడెక్కించకుండా, బలవంతంగా మెలితిప్పి కొడితే ఆ భారం వెన్ను కింది భాగం మీద పడుతుంది. కటి భాగాన్ని కూడా తిరగనిస్తే ఆ మెలి కొంత తగ్గుతుంది. ముందే నొప్పి ఉన్నవారు వేగం పెంచే సాధన మొదలుపెట్టే ముందు వైద్యుల సలహా తీసుకోవడం మంచిది.