పెంపుడు పాము: యాజమాన్యపు చిక్కు

అబ్దుల్లాపూర్‌మెట్ పొలాల్లో జెర్రిపోతు కనిపించడం వింత కాదు. దానిని పట్టి పెంచుకోవచ్చునా? కొనవచ్చునా? రెండూ కూడవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ జెర్రిపోతును, నాగుపామును మొదటి షెడ్యూలులో చేర్చింది. చట్టవిరుద్ధంగా పట్టిన వన్యప్రాణి 39వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వపు ఆస్తి. అంటే అమ్మేవానికే దానిపై హక్కు లేదు. తనది కానిదానిని అమ్మరాదన్న ఫిఖ్ సూత్రం ఎరిగిన పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. పాములవాడు పైకం పుచ్చుకొని బుట్ట చేతికిచ్చినా, కొన్నవాడు యజమాని కాడు.

ఆఫ్రికా బాల్ పైథాన్ సంగతి వేరు. అది అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు జాబితాలోనిది గనుక, 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, పాము చచ్చినా తెలుపాలి. దుకాణదారు రసీదు ఇందుకు చాలదు.