సైలెన్సర్ మారిస్తే మారేది సౌండ్ ఒక్కటేనా? ఇంజిన్‌కి, జేబుకి, లైసెన్స్‌కి పడే దెబ్బ ఇదే..

కొత్త బుల్లెట్ షోరూం నుంచి బయటికి వచ్చిందంటే చాలు, ఫ్రెండ్స్ నుంచి వచ్చే మొదటి సలహా ఒక్కటే. "సౌండ్ లేదు మామా, సైలెన్సర్ మార్చేయ్!" నాలుగు బోల్టులు విప్పితే అయిపోయే పని. మెకానిక్ షెడ్‌లో అరగంట కూడా పట్టదు. కానీ ఆ అరగంటలో బండికి సంబంధించి మూడు విషయాలు మారిపోతాయి. ఇంజిన్‌లోకి వెళ్లే పెట్రోల్-గాలి లెక్క, చట్టం ముందు మీ బండి స్థానం, ఊరి నిద్ర. ఇందులో మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె సంగతే తీసుకోండి. దేశానికి ఈ ఊరు తెలిసింది యురేనియం గని వల్ల. 2007లో శంకుస్థాపన, 2012లో ప్రారంభం. గనిలో, ప్లాంటులో షిఫ్టుల పని. అంటే రాత్రి డ్యూటీ దిగి పగలు పడుకునేవాళ్లు ఉంటారు, తెల్లారకముందే బండేసుకుని వెళ్లేవాళ్లూ ఉంటారు. సిటీలో అయితే ఒక బండి చప్పుడు వంద చప్పుళ్లలో కలిసిపోతుంది. చీనీ తోటలు, అరటి తోటల మధ్య ఉండే ఊళ్లలో రాత్రి పదకొండుకి ఒక్క బండి పోయినా ఊరంతా లేస్తుంది.

అసలు సైలెన్సర్ లోపల ఏముంటుంది?

బయటికి అది ఒక గొట్టం. లోపల మాత్రం అరలు, చిల్లుల పైపులు, కొన్నింటిలో గాజు ఊలు ఉంటాయి. ఇంజిన్‌లో పెట్రోల్ మండిన ప్రతిసారీ వేడి గ్యాస్ ఒక్కసారిగా బయటికి దూసుకొస్తుంది. ఆ కొట్టుడే మనకు 'డబ్ డబ్' అని వినిపిస్తుంది. అరల గోడలకు తగిలి వెనక్కి వచ్చిన శబ్ద తరంగాలు, ఎదురొచ్చే తరంగాలను కొంతవరకు చంపేస్తాయి. గాజు ఊలు మిగతా శబ్దాన్ని పీల్చుకుని వేడిగా మారుస్తుంది. షాపులో అమ్మే 'స్పోర్ట్స్' సైలెన్సర్లలో చాలావాటికి అరలు ఉండవు. నేరుగా ఒక చిల్లుల పైపు, దాని చుట్టూ ఊలు. అంతే. వేడికి ఆ ఊలు కాలి రాలిపోతుంది కాబట్టి ఆర్నెల్లకు సౌండ్ ఇంకా పెరుగుతుంది. 'సెట్ అయింది' అని మురిసిపోయేది దీన్ని చూసే! సౌండ్ తగ్గించడానికి మూతి దగ్గర పెట్టే చిన్న ముక్క ఉంటుంది, దాన్ని డీబీ కిల్లర్ అంటారు. చాలామంది మొదటి రోజే దాన్ని పీకి పారేస్తారు.

పవర్ పెరుగుతుందా మరి?

ఇక్కడ రెండు రకాల మార్పులు ఉన్నాయి. వెనక మఫ్లర్ ఒక్కటే మార్చడం ఒకటి. ఇంజిన్ దగ్గరి బెండ్ పైపు నుంచి మొత్తం మార్చడం రెండోది. మొదటిదానిలో బెండ్ పైపు, అందులోని క్యాటలిటిక్ కన్వర్టర్ అలాగే ఉంటాయి కాబట్టి పవర్‌లో వచ్చే తేడా చాలా తక్కువ. కొంచెం బరువు తగ్గుతుంది. మిగతాదంతా చెవికి కలిగే భ్రమ. సౌండ్ ఎక్కువైతే స్పీడ్ ఎక్కువైనట్టే అనిపిస్తుంది.

రెండోదానితోనే అసలు తలనొప్పి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే బళ్లన్నీ బీఎస్-6. బైకుల్లో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్, ఎగ్జాస్ట్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ వచ్చాయి. పెట్రోల్ ఒక వంతుకు గాలి 14.7 వంతులు ఉంటే పూర్తిగా మండుతుంది. మామూలు స్పీడులో వెళ్లేటప్పుడు సెన్సర్ చూసి చెబుతుంది, కంప్యూటర్ పెట్రోల్‌ను సర్దుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం కంపెనీ ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారమే పెట్రోల్ వదులుతుంది. ఆ లెక్క రాసింది ఒరిజినల్ సైలెన్సర్‌కు. మీరు పైపు మార్చి గ్యాస్‌కు దారి వెడల్పు చేస్తే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతుంది. ఇంజిన్ మామూలు కన్నా వేడెక్కుతుంది. గాలితోనే చల్లబడే ఇంజిన్, పైన నలభై దాటిన రాయలసీమ ఎండ. ఇక చెప్పేదేముంది! ఈసీయూ మళ్లీ ట్యూన్ చేయించకుండా ఇలా తిప్పితే నష్టపోయేది ఇంజినే. సెన్సర్ పెట్టడానికి కొత్త పైపులో చోటే లేకపోతే మీటర్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతూనే ఉంటుంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు 'టప్ టప్' అని పేలుతుంది చూశారా, ఆ సౌండ్ కోసమే కొందరు డబ్బులు పెడతారు. ఇంజిన్‌లో మండకుండా మిగిలిన పెట్రోల్ పైపులో మండటమే అది. జాయింట్ దగ్గర గ్యాస్కెట్ లీకై బయటి గాలి లోపలికి పోయినా అదే సౌండ్ వస్తుంది. రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి లీకు ఉన్నా స్టైల్ అనుకుని తిరిగేస్తుంటారు.

ఆర్‌ఎక్స్100 వాళ్లకు ఒక మాట. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆ యమహా బండికి ఇప్పటికీ మనవైపు ఉన్న క్రేజ్ తెలిసిందే. అది టూ స్ట్రోక్. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజిన్‌లో ఒక భాగం కింద లెక్క. మధ్యలో ఉబ్బిన ఆ పైపు, బయటికి పారిపోబోయే తాజా పెట్రోల్-గాలిని తరంగం కొట్టి మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. దాని ఆకారం, పొడవు కొంచెం మారినా బండి పికప్పే మారిపోతుంది. దాన్ని కోసి గొట్టం అతికిస్తే సౌండ్ వస్తుంది, లాగుడు పోతుంది.

డెసిబెల్ లెక్క.. చాలామంది పొరబడేది ఇక్కడే

మన రూల్స్ ప్రకారం కంపెనీ తయారు చేసే బండి శబ్దానికి పరిమితి ఉంది. 80 సీసీ వరకు 75 డెసిబెల్స్, 80 నుంచి 175 సీసీ వరకు 77, ఆ పైన 80. మైకును 7.5 మీటర్ల దూరంలో పెట్టి, బండిని పక్కనుంచి పోనిచ్చి కొలుస్తారు. మొబైల్ యాప్ ఆన్ చేసి సైలెన్సర్ దగ్గర పెట్టి "నాది ఇంతే" అంటే ఆ లెక్కకు విలువ లేదు.

80కి, 90కి తేడా పదే కదా అనుకోవద్దు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, చెవికి దాదాపు రెట్టింపు. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 7.5 మీటర్ల దగ్గర 90 ఉన్న బండి, 60 మీటర్ల దూరంలోని ఇంటికి ఇంకా 72గా వినిపిస్తుంది. ఇళ్లుండే చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు పెట్టిన హద్దు 45. అది సగటు లెక్క, ఒక్క బండిని కొలిచే లెక్క కాదు. అయినా ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంటే సగటు చూసి ఏడవదు. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల లోపు ప్రకటించే నిశ్శబ్ద ప్రాంతాల్లో ఈ హద్దు ఇంకా తక్కువ, రాత్రి 40.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట తేల్చి చెప్పింది. వికలాంగుల కోసం చేసే మార్పుల లాంటి వాటికి మాత్రం మినహాయింపు ఉంది.

2019 సెప్టెంబర్ నుంచి శిక్షలు పెరిగాయి. బండి ఓనరు ఇలా మారిస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద, గాలి కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే 190(2) కింద మొదటిసారి 10 వేల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దీనితోపాటు మూడు నెలలు లైసెన్స్ కట్. జరిమానా గురించి అందరూ మాట్లాడతారు కానీ, బండి మీదే డ్యూటీకి పోయేవాడికి అసలు దెబ్బ ఈ లైసెన్సే. నడిపింది మైనర్ అయితే కథ ఇంకా ముదురుతుంది. 199ఏ కింద తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

2021 జులైలో అలహాబాద్ హైకోర్టు మార్చిన సైలెన్సర్ల మోతను తనంతట తానే కేసుగా తీసుకుంది. విశాఖలో 2024లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు. ఆ వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి.

"మాది ఈ-మార్క్ ఉన్న పీస్, లీగలే" అని షాపులో చెబితే నమ్మకండి. ఈ-మార్క్ యూరప్ ఆమోదం. మన దగ్గర బండి మొత్తానికి, దాని సైలెన్సర్‌తో కలిపి, పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు పరీక్ష చేసి ఓకే చెబుతాయి. చాలా పెట్టెల మీద 'రేసింగ్‌కు మాత్రమే' అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ సౌండ్ మీద అంత ఇష్టం ఉంటే దానికి చోటు రేస్ ట్రాక్. రాయలసీమకు దగ్గర్లో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి ఉంది.

ఇప్పటికే మార్చేశారా?

ఒరిజినల్ సైలెన్సర్ ఇంట్లో మూలన పడి ఉంటే అదృష్టమే. బండి పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. ఇంజిన్ దగ్గర పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు, కొత్తది వేయించండి. అది చాలా తక్కువ ఖర్చు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదులుగా పెట్టి, తర్వాత ఇంజిన్ వైపు బిగించి, చివర్లో బ్రాకెట్ బిగించాలి. ఒకేసారి ఒకవైపు బిగిస్తే పైపు వంకరగా కూర్చుని లీకవుతుంది. సెన్సర్ వైరు మెలిక పడకుండా చూడండి. స్టార్ట్ చేసే ముందు పైపు మీద నూనె, వేలి మరకలు తుడవండి, లేకపోతే వేడికి కాలి మచ్చలు శాశ్వతంగా ఉండిపోతాయి.

వారంటీలో ఉన్న బండి అయితే ఇంకో చిక్కు. సైలెన్సర్ మార్పు వల్లే ఇంజిన్ పాడైందని తేలితే కంపెనీ ఆ క్లెయిమ్ ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా బండిలో చేసిన మార్పు ముందే చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు అదే సాకు అవుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. ఆర్‌సీ మీ పేరు మీదికి మారాక రోడ్డు మీద ఆపితే, సైలెన్సర్ పెట్టించింది పాత ఓనరని చెప్పినా చలానా వచ్చేది మీ బండి నంబర్ మీదే. బేరం కుదుర్చుకునే ముందే ఒరిజినల్ సైలెన్సర్ ఇస్తాడో లేదో అడగండి. లేదంటే కొత్తదాని రేటు బేరంలోంచి తగ్గించుకోండి.