సెలైన్ పెట్టించాల్సిందేనా?

పిల్లాడికి నాలుగు నీళ్ళ విరేచనాలు అయ్యాయంటే చాలు, ఇంట్లో రెండు సలహాలు సిద్ధం. "నీళ్ళు పట్టకండి, ఇంకా ఎక్కువవుతాయి" అని ఒకరు. "తీసుకెళ్ళి ఓ సెలైన్ ఎక్కించండి" అని ఇంకొకరు. మొదటిది ప్రమాదం, రెండోది చాలాసార్లు అక్కర్లేదు. ఎందుకో చెబుతా వినండర్రా.

మన చిన్నపేగు గోడలో ఓ తమాషా తలుపుంది. ఒంటరిగా వస్తే తెరుచుకోదు, జంటగా రావాలి. ఉప్పులోని సోడియం, గ్లూకోజు కలిసొస్తే రెండింటినీ లోపలికి పంపుతుంది. వాటి వెనకాలే నీళ్ళూ పోతాయి. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ కిటుకు చెప్పాడు. కలరాలో పేగు నీళ్ళన్నీ కక్కేస్తున్నా ఈ తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఉప్పూ గ్లూకోజూ కొలిచి కలిపిన తాగే నీళ్ళే ఓఆర్ఎస్, దాని బలమంతా ఈ తలుపే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధంతో లక్షలమంది మన బెంగాల్‌కి వచ్చిపడ్డారు. బనగావ్ శిబిరంలో కలరా. సెలైన్ నిల్వలు అడుగంటాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, బేకింగ్ సోడా తూకం వేయించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల పక్కనున్న బంధువులకే కప్పులిచ్చి తాగించమన్నారు. అంతకుముందు శిబిరాల్లో నూటికి ముప్పై మంది పోయేవారు, ఆయన చేతికొచ్చినవాళ్ళలో నూటికి నలుగురు కూడా పోలేదు.

అయితే కిటుకంతా కొలతలో ఉంది. చక్కెర ఎక్కువైతే పేగు ఒంట్లోని నీళ్ళని తనవైపు లాక్కుంటుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందుకే ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తీపి పానీయాలపై హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అనొద్దు. కలిపింది ఒక్కరోజే వాడాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి. వాంతి అయితే పది నిమిషాలాగి, చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు, అన్నం మానకండి. డాక్టరు రాసిన జింకు, విరేచనాలు కట్టుకున్నా పద్నాలుగు రోజులూ వెయ్యండి.

మరి ఆస్పత్రికి ఎప్పుడు? పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదలండి. మడత వెంటనే సర్దుకోకుండా నిలిచిందా? కళ్ళు లోపలికి పోయాయా, ఏడ్చినా కన్నీళ్ళు రావట్లేదా, మగతగా ఉన్నాడా, తాగింది నిలవట్లేదా, విరేచనంలో రక్తం పడిందా? ఇంక ఆలోచించకండి, బయల్దేరండి. సెలైన్ అవసరం అప్పుడే. తాగే స్పృహ ఉంటే దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.